రెస్ట్రిక్టెడ్ అంటే ఎంత?

కన్నడ నాట, చింతామణిలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. పిల్లలకు విశేషణాలు నేర్పేటప్పుడు కొన్ని మాటలు నన్ను అసలు కష్టపెట్టవు. పెద్ద, చిన్న, ఎర్ర, తియ్య, ఇవన్నీ ఒక్క ఉదాహరణతో తెగిపోతాయి. కొన్ని మాత్రం మొండివి. వాటిలో నాకు బొత్తిగా గిట్టనిది రెస్ట్రిక్టెడ్.

ప్రొహిబిటెడ్ అంటే కూడదు, అంతే. పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. రెస్ట్రిక్టెడ్ అని బోర్డు మీద రాయగానే ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "అంటే కూడదనా మిస్, పర్వాలేదనా?" అని అడిగింది. కొంచెం పర్వాలేదు అన్నాను. "ఎంత కొంచెం?" అంది. అది ఆ మాట చెప్పదమ్మా, హద్దు ఎవరు పెట్టారో వాళ్ళనే అడగాలి అన్నాను. ఆ పిల్లకు తృప్తి కలగలేదు. నిజం చెప్పాలంటే నాకూ కలగలేదు. గైడులో దాని కన్నడ అర్థం 'నిర్బంధిత' అని ఉంది. అది చదివితే జైలు గుర్తుకొస్తుంది. తెలుగులో 'పరిమితం' అంటాం గానీ, ఆ మాట పేపర్లో చూడటమే తప్ప మా ఇళ్ళల్లో ఎవరి నోటా నేను వినలేదు. మా ఇళ్ళల్లో తిండికి రెండే గదులున్నాయి. తినొచ్చు, తినకూడదు. కొంతవరకు తినొచ్చు అనే మూడో గది ఎవరూ కట్టలేదు. ఈ సంగతి నాకు బళ్ళో తెలియలేదు. మా నాయన కిడ్నీలు చెడిపోయాక తెలిసింది.

మా ఊరు బాగేపల్లి దగ్గర. నాయన, అమ్మ, నా తమ్ముడు అక్కడే ఉంటారు. టమోటా పండిస్తారు, కొంత చెనిక్కాయ వేస్తారు, ఆవులున్నాయి. నేను చింతామణిలో గది తీసుకొని ఉంటూ శనివారం బడి వదలగానే ఊరికి బస్సెక్కుతాను. నాయనకు కాళ్ళు వాచి, ముఖం ఉబ్బి, చిక్కబళ్ళాపురంలో ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఇకమీదట వారంవారం వచ్చి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలని డాక్టరు కన్నడంలో వివరంగా చెప్పాడు. అంతా చెప్పి, లేవబోతూ, ఒక్క ముక్క మాత్రం ఇంగ్లీషులో అన్నాడు. "ఫ్లూయిడ్స్ రెస్ట్రిక్టెడ్." ఎంత అని అడిగాను. బల్ల మీదున్న చిన్న సీసా చూపించి, రోజంతటికీ ఇది దాటకూడదన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. తాగింది బయటికి పోదు, మిషను తీసేదాకా ఒంట్లోనే ఉంటుంది, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, మనిషి ఊపిరాడక పోతాడు అన్నాను. ఆ చివరి మాటకు అమ్మ ముఖం పాలిపోయింది.

"ఒంట్లోకి పొయ్యేదంతా లెక్కేనమ్మా. ఈ సీసాకు మించితే కూడదు."

"అంటే నీళ్ళు పథ్యం."

"పథ్యం కాదు, కొలత."

"అదేలేవే. పథ్యమే కదా. నాకు చెప్పల్నా?"

పథ్యం విషయంలో మా అమ్మకు చెప్పేవాళ్ళు ఇంకా పుట్టలేదు. నా చిన్నప్పుడు నాకు కామెర్లు వస్తే ఉప్పూ నూనే ముట్టనియ్యకుండా నన్ను కాపలా కాసింది. నేను ఏడుస్తానని తను కూడా ఆ చప్పిడి తిండే తిన్నది. అలాంటి మనిషి చేతిలో పెట్టాక ఇంకేం భయం అనుకొని, సోమవారం పొద్దున్నే చింతామణి బస్సెక్కాను.

నాయన మాట కూడా చెప్పాలి. బోరు వెనక బోరు వేయించి, చాలా వాటిలో దుమ్ము తప్ప ఏమీ చూడని రైతు ఆయన. "నీళ్ళ కోసరం భూమంతా తోడినోడికి ఇప్పుడు నీళ్ళే కూడదంటనే" అని ఊళ్ళో వాళ్ళు వచ్చి నొచ్చుకొని పోయేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. జబ్బు మనిషి ఎదుట కూర్చొని కథలల్లడం ఏమిటి? నాయన మాత్రం నవ్వి ఊరుకొనేవాడు. చిన్న సీసా తలాపున పెట్టుకొని, మాత్రలు మింగడానికి ఒక గుక్క, నోరు పిడచగట్టినప్పుడు ఇంకో గుక్క, అంతే. సాయంత్రానికి సీసాలో ఇంకా నీళ్ళు మిగిలేవి. ఎవరు పలకరించడానికి వచ్చినా వాళ్ళకు ఆ సీసా ఎత్తి చూపించేవాడు. ఇచ్చిన మాట అంటే ఆయనకు అంత పట్టింపు. టమోటా బేరంలో నోటిమాటతో ఒప్పుకొన్న ధర, మర్నాడు మార్కెట్లో రెండింతలు పెరిగినా, మార్చినవాడు కాదు.

అయినా తూకం పెరిగింది. మిషను ఎక్కించే ముందు ప్రతిసారీ తూకం చూస్తారు. రెండు రాకల మధ్య ఎంత పెరిగితే అంత నీరు ఒంట్లో చేరినట్టు. మొదటిసారి నర్సు మెల్లగా చెప్పింది. తర్వాత గట్టిగా చెప్పింది. ఆ తర్వాత డాక్టరే పిలిపించాడు. ఆ రోజు తమ్ముడు నాకు ఫోన్ చేసినప్పుడు నేను స్టాఫ్ రూములో ఉన్నాను.

"అక్కా, ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాండాయంట. ఇంకోసారి ఇట్ల నింపుకొని వస్తే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు తెగేసి చెప్పినాడు."

"సీసాలో ఇంగా మిగిల్తాందంటివి కదరా?"

"సీసాలో మిగిల్తాంది. మరి యాడ తాగుతాండాడో ఆయప్పకే తెలియల్ల."

తరగతిలోకి పోయి ఆ రోజు ఏం చెప్పానో నాకే తెలియదు. నాయన పోతాడేమోనన్న భయం ఒకవైపు, నాయన మాకు అబద్ధం చెప్తున్నాడేమోనన్న కోపం ఇంకోవైపు. ఏది పెద్దదో తేల్చుకోలేకపోయాను.

ఆ శనివారం నేను పోయేసరికి ఇల్లు పోలీసు స్టేషనైంది. మంచినీళ్ళ ఫిల్టరున్న గదికి తమ్ముడు తాళం వేశాడు. వాకిట్లో కుళాయి పిడి ఊడదీసి జేబులో పెట్టుకొని తిరుగుతున్నాడు. నాయన ఆవుల కొట్టం వైపు లేచి నాలుగడుగులు వేస్తే చాలు, వీడు వెనకే. తొట్లో నీళ్ళు దోసిట్లో తీసి తాగుతున్నాడని వీడి అనుమానం. నాయన దొడ్డికి పోయినా అమ్మ తలుపు దగ్గర నిలబడుతోంది. ఎవరూ పైకి ఏమీ అనడం లేదు గానీ, ముగ్గురి చూపులూ ఆయన గొంతు మీదే. ఆయన గుటక మింగితే నేనూ చూశాను.

మధ్యాహ్నం అందరం కింద కూర్చొని తింటున్నాం. రాగి సంగటి, దాని చుట్టూ పల్చటి పులుసులాంటి సారు. తమ్ముడు చెయ్యి కడుక్కోకుండానే ఉన్నట్టుండి అన్నాడు.

"నాయనా, నిజం చెప్పు. యాడ తాగుతాండావు?"

"తాగల్యా."

"మరి తూకం?"

"తూకం సంగతి నన్నడిగితే? దాన్నే అడుగుపో."

"తూకం అబద్ధం చెప్తాదా నాయనా?"

నాయన ముఖం నల్లబడింది. పళ్ళెంలోని సంగటి మీద అరచెయ్యి పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి సారు పైకొచ్చింది.

"ఈ కూటి మీద ఆన. ఆ సీసాలోవి తప్ప ఒక్క చుక్క నీళ్ళు నా నోట్లోకి పోల్యా. ఇంగా నమ్మకపోతే నా నోరు కుట్టేయండి."

కూటి మీద ఆన పెట్టడం మా ఇంట్లో చిన్న విషయం కాదు. దాని తర్వాత ఇంకెవరూ నోరెత్తకూడదు. తమ్ముడు నోరెత్తలేదు, పళ్ళెం తోసేసి లేచి పోయాడు. వాడు నమ్మలేదని వాడి వీపు చూస్తేనే తెలుస్తోంది. నాయన ఆ చెయ్యి అలాగే పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. ఆయనకు ప్రాణం పోతుందన్న బెంగ కంటే కొడుకు నమ్మలేదన్న బాధే ఎక్కువగా ఉందని నాకు అనిపించింది. నాకు ఆయనను నమ్మాలని ఉంది, కానీ తూకం మీద అనుమానం రావడం లేదు. ఆయన మాటో తూకమో, రెంటిలో ఏదో ఒకటి తప్పు, ఆ తప్పు ఎక్కడుందో కనబడటం లేదు.

దసరా సెలవులకు ఊళ్ళోనే ఉన్నాను. ఎప్పుడూ శనివారం వచ్చి సోమవారం పోయేదాన్ని, వచ్చినా పిల్లల పేపర్లు దిద్దుకుంటూ మూల కూర్చొనేదాన్ని. ఈసారి పనేమీ లేదు. సెలవుల మొదటిరోజు పొద్దున అమ్మతోపాటు వంటింట్లో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. రాత్రి కలిపి ఉంచిన రాగి అంబలిని అమ్మ పెద్ద చెంబులోకి వంచింది. అందులో గరిటెడు మజ్జిగ పోసి, ఉప్పు వేసి, పచ్చిమిరపకాయ తుంచి వేసింది. ఘుమఘుమలాడుతోంది. నాకేనేమో అనుకున్నాను. ఆమె చెంబు తీసుకొని అరుగు మీదున్న నాయన దగ్గరికి నడిచింది.

"అమ్మా, అదెవరికి?"

"మీ నాయనకే. ఇంగెవురికి?"

"రోజూ ఇస్తాండావా?"

"ఇయ్యకుండా? నీళ్ళు మానేసినాడు కదా పాపం. ఒంట్లో సత్తువ యాడిదే మరి? పొద్దున అంబలి, పగలు సంగట్లోకి సారు ఇంత పల్చగా, సాయంత్రం మజ్జిగ."

చిక్కుడుకాయల చేట నా ఒళ్ళోంచి జారి కింద పడింది. నేను అరిచాను. ఏమరిచానో గుర్తులేదు, పక్కింటివాళ్ళు బయటికొచ్చేంతగా అరిచాను. అమ్మకు నా కోపం అర్థం కాలేదు. ఆమె తప్పు చేసిన మనిషిలా లేదు. తన పనికి వంక పెడితే వచ్చే ఉక్రోషంతో నా ఎదుట నిలబడింది.

"ఏంటికే అట్ల అరుస్తావు? శనివారం నేను ఒక్కపొద్దు ఉంటాను కదా. అన్నం ముట్టను, ఉప్పిట్టు తింటాను. ఒక్కపొద్దు చెడినట్టా? అట్లే ఇది. నీళ్ళు కూడదంటే నీళ్ళు నిలిపేస్తి. నువ్వు సీసాడు అంటివి, నేను అంత కూడా తాగనియ్యల్యా. అంబలి నీళ్ళెట్లయితాదే? అంబలి కూడు!"

ఇంటింటా శనివారాలు నడిచేది ఆ లెక్క మీదే. అన్నం ఒక్కటి వదిలితే చాలు, దాని బదులు ఉప్పిట్టు అనే ఉప్మా, పండ్లు, పాలు ఎన్నయినా తినొచ్చు, పుణ్యానికి ఏ లోటూ రాదు. ఒకదాన్ని పూర్తిగా వదిలెయ్యడం ఆమెకు తెలుసు. వదిలినదాని బదులు ఇంకొకటి కడుపునిండా పెట్టడమూ తెలుసు. అన్నిటినీ కలిపి ఒక కొలత దగ్గర ఆపడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆమెకు మాత్రమే కాదు, నాయనకూ, తమ్ముడికీ అంతే. ఆయన ఆన అబద్ధం కాదు. చెంబులకు చెంబులు అంబలి తాగి కూడా ఆయన నిజంగానే సీసాలోవి తప్ప ఒక్క చుక్క నీళ్ళు తాగలేదు.

అరుగు మీద నాయన మా మాటలన్నీ విన్నాడు. చెంబు ఆయన చేతిలోనే ఉంది, అప్పటికే సగం ఖాళీ అయింది. దాన్ని మెల్లగా పక్కన పెట్టాడు.

"అయితే పాపా, నేను అబద్ధం చెప్పల్యా కదా?"

"లేదు నాయనా."

ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది. అన్ని రోజుల తర్వాత ఆ ముఖంలో అంత నెమ్మది చూసి నాకు ఏడుపొచ్చింది. అంతలోనే దగ్గు మొదలైంది. దగ్గు ఆగలేదు. పెదవులు నీలం తిరిగాయి, వెనక్కి వాలబోతే ఊపిరి అందక మళ్ళీ లేచి కూర్చున్నాడు. మిషను రోజు రేపు. రేపటిదాకా ఆగే పని కాదని చూడగానే తెలిసిపోయింది.

తమ్ముడు చింతామణి మార్కెట్టుకు టమోటా వేసుకొని పోయి అప్పుడే తిరిగొచ్చాడు. వాడికి ఏమీ చెప్పే తీరిక లేదు. పక్కింటి కారు అడిగి తీసుకొని నాయనను ఎక్కించాం. వాడు నడుపుతున్నాడు, నేను ముందు కూర్చున్నాను, వెనక అమ్మ నాయన వీపును తన భుజానికి ఆనించుకొని పట్టుకుంది. బాగేపల్లి దాటి పెద్ద రోడ్డు ఎక్కాక కారులో నాయన ఊపిరి ఒక్కటే వినబడుతోంది, లోపల నీళ్ళు కదిలినట్టు గురగురమని. లారీ అడ్డమొచ్చి తమ్ముడు బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగేది. అది మళ్ళీ మొదలయ్యేదాకా నేనూ ఊపిరి బిగపట్టేదాన్ని. పెరేసంద్ర దగ్గర వెనక్కి తిరిగి చూస్తే అమ్మ నా వైపే చూస్తోంది. తమ్ముడికి వినబడకుండా, పెదవులతోనే అడిగింది.

"సారు కూడానా?"

నేను తల ఊపాను. ఆమె కళ్ళు మూసుకుంది. అన్ని రోజులూ తన చేతులతో కలిపిన చెంబులన్నీ అప్పుడు ఆమె కళ్ళ ముందుకు వచ్చి ఉంటాయి. ఆ తర్వాత చిక్కబళ్ళాపురం వచ్చేదాకా ఆమె తల ఎత్తలేదు.

ఆసుపత్రిలో నాయనను ఇద్దరం పట్టుకొని తూకం మీద నిలబెట్టాం. నర్సు ముల్లు చూసి, "ఏనజ్జా ఇది!" ఇదేంటి తాతా, అని కన్నడంలో మొదలుపెట్టి, మా మాటలు విని తెలుగులోకి మారింది. మంచి పిల్లే, ఎప్పుడూ నవ్వుతూ పలకరిస్తుంది. ఆ రోజు భయంతో గొంతు పెంచింది.

"ఎన్నిసార్లు చెప్పాల మీకు? ఇంట్లో చూసుకొనేది ఎవరు? ఎవరు తాగిస్తాండారు ఈయనకు? మనిషిని చంపేస్తారా మీరు?"

అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. చెప్పెయ్యడానికే వెళ్తోందని నాకు తెలుసు, నోరు తెరిచింది కూడా. చుట్టూ మిషన్ల పక్కన కూర్చున్న జనమంతా తిరిగి ఆమె వైపు చూశారు.

నాయన తూకం మీద నిలబడే చెయ్యి అడ్డం పెట్టాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ చెప్పాడు.

"ఆమెను అనద్దమ్మా... ఆమెకేం తెలీదు... నేనే తాగితి. కొట్టంలో... తొట్టిలోవి... ఎవురూ చూడకుండా."

నర్సు తల కొట్టుకొని, చక్రాల కుర్చీ లాగి ఆయనను కూర్చోబెట్టింది. తమ్ముడు అక్కడే గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వాడికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"కూటి మీద ఆన పెడితివి కదా నాయనా! కూటి మీద!"

"అవునప్పా" అన్నాడు నాయన. "పెడితిని. అబద్ధమే."

నేను తమ్ముడి భుజం పట్టుకున్నాను. నిజం నా నాలుక చివర ఉంది. ఒక్క మాట చెబితే చాలు. నాయన కుర్చీలోంచి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, చిన్నప్పుడు నలుగురిలో నోరు జారబోతే అలాగే చూసి ఆపేవాడు. నేను ఆగాను. కుర్చీని లోపలికి తోసుకుపోయారు, తలుపు మూసుకుంది.

తమ్ముడు మందులు తేవడానికి కిందికి పోయాడు. అమ్మా నేనూ బెంచీ మీద కూర్చున్నాం. లోపల మిషను మొదలైందని, ఊపిరి కొంచెం నెమ్మదిస్తోందని కాసేపటికి నర్సు వచ్చి చెప్పిపోయింది. అమ్మ ఆ మాట విని దండం పెట్టింది. తర్వాత చాలాసేపు తన రెండు అరచేతులూ చూసుకుంటూ కూర్చుంది.

"మీ నాయనను చేసుకొని ఇన్నేండ్లు అయ్యె" అంది చివరికి. "ఆయన నోట్లో అబద్ధం ఈ పొద్దే వినింది."

మెట్ల మీద తమ్ముడి చెప్పుల చప్పుడు వినబడితే గబగబా కొంగుతో ముఖం తుడుచుకుంది.